మెషిన్లో నిలిచిన నీళ్ళు

“దించండి! దాన్ని ముందు కిందికి దించండి!”

ఉమాశ్రీ గుమ్మంలోంచే అరిచింది. డిష్‌వాషర్‌ని చెరో పక్కా పట్టుకుని పైకి లేపిన కానిస్టేబుళ్ళిద్దరూ ఉలిక్కిపడ్డారు. మెషిన్ ఒక పక్కకి ఒరిగింది. మూసి ఉన్న తలుపు అడుగు నుంచి నురగ కలిసిన నీళ్ళు గచ్చు మీదికి జారాయి.

“నెమ్మదిగా... నిటారుగా ఉంచండి. చాలు. ఇక దాన్ని ఎవరూ ముట్టుకోవద్దు.”

ఇన్‌స్పెక్టర్ లక్ష్మీనరసింహం టోపీ సరిచేసుకుంటూ ముందుకొచ్చాడు.

“ఆర్డర్లు బాగానే వేస్తున్నారే ఉమాశ్రీ గారూ! ఇది కేసులో సాక్ష్యం. స్టేషన్‌కి పోతోంది.”

“నీళ్ళన్నీ జీపులో పారబోసుకుని ఖాళీ డబ్బా తీసుకెళ్తారా సార్? సాక్ష్యం డబ్బా కాదు, లోపలి నీళ్ళు.”

“డిటెక్టివ్ అని బోర్డు కట్టుకున్నంత మాత్రాన ఊళ్ళో ప్రతి వంటింట్లోనూ దూరెయ్యడమేనా?”

“నేను దూరలేదు. బంగార్రాజుగారే పిలిచారు. ఒక చావు గురించి మాట్లాడాలి, భోజనాలయ్యాక రండని నిన్న ఫోన్ చేశారు. నేనొచ్చేసరికి ఆయన్నే కారులోకి ఎక్కిస్తున్నారు.”

బంగార్రాజుకి రాజమండ్రిలో రైస్ మిల్లుంది. ఆ మధ్యాహ్నం భోజనం ముగించి, మజ్జిగ తాగి, చెయ్యి కడుక్కోవడానికి లేచిన మనిషి రెండడుగులు వేసి కూలిపోయాడు. భార్య సాయిదుర్గ, డ్రైవరు కలిసి ఆస్పత్రికి తీసుకెళ్ళారు. ఇల్లంతా గేటు దాకా పరిగెత్తింది. తిరిగొచ్చి చూస్తే భోజనాల బల్ల మీద ఒక్క ఎంగిలి గిన్నె లేదు. అన్నీ మెషిన్లో ఉన్నాయి. మెషిన్ మాత్రం సగంలో ఆగి, ఎర్ర లైటు ఆర్పుకుంటూ వెలిగించుకుంటూ ఉంది.

ఉమాశ్రీ సెల్‌ఫోన్ మోగింది. స్పీకర్ నొక్కింది.

“ఆస్పత్రి నుంచి డాక్టర్ని. సాయిదుర్గగారు మీ నంబరిచ్చారు. ఆయన ఏం తాగాడో తెలిసిందా?”

“ఇంకా లేదండి. ఎలా ఉన్నారు?”

“గుండె వేగం పడిపోతోంది. పురుగుమందు కావచ్చు, గన్నేరు కావచ్చు, మాత్రలు కావచ్చు. ఒకదానికిచ్చే విరుగుడు ఇంకోదానికి ఇస్తే మనిషి మన చేతుల్లోనే పోతాడు. రక్తం కాకినాడ పంపాం. ఆ రిపోర్టు వచ్చేదాకా ఈయన ఆగడు. అదేంటో నాకు చెప్పండి. తొందరగా.”

ఫోన్ ఆగింది. లక్ష్మీనరసింహం గోడవారగా కూర్చున్న వంటామె వైపు తిరిగాడు.

“విన్నావుగా ప్రసన్నకుమారీ? ఏం కలిపావో చెప్పు. ఆయన బతికితే నీకూ మంచిదే.”

“నా పిల్లల మీద ఒట్టండి, నేనేం కలపలేదండి!” కొంగు నోట్లో కుక్కుకుంది ఆమె.

“మజ్జిగ ఎవరు పోశారు?”

“నేనేనండి.”

“వంటింట్లో ఎవరున్నారు?”

“నేనేనండి... ఆయ్.”

“ఇంకేం కావాలండీ?” అన్నట్టు ఉమాశ్రీ వైపు చూశాడు లక్ష్మీనరసింహం. “ఎక్కించండయ్యా జీపు.”

“రెండు ప్రశ్నలు సార్. తర్వాత మీ ఇష్టం.” ఉమాశ్రీ ఆమె ఎదురుగా గచ్చు మీదే కూర్చుంది. “ప్రసన్నగారూ, మజ్జిగ ఎప్పుడు పోశారు?”

“వంట కాగానేనండి. అయ్యగారికి అల్లం, నిమ్మాకు నలిపేసి వెండి గ్లాసులో పోసి మూతెట్టి ఓ పక్కన ఉంచుతాను. ఘాటు దిగాలంటారు. రోజూ అంతేనండి.”

“అది అలా ఉండగా వంటింట్లోకి ఎవరెవరొచ్చారు?”

“అమ్మగారొచ్చి కూర రుచి చూశారండి. తమ్ముడుగారు మంచినీళ్ళ కోసం వచ్చారు. మెషిన్ బాగుచేసే బాబు, అయ్యగారు పిలిపిస్తే పొద్దున్న వచ్చి, మెషిన్ చూసి, భోజనాలకి ముందే వెళ్ళిపోయాడండి. నేనే గేటు తీశాను.”

“భోజనాలయ్యాక గిన్నెలు మెషిన్లో పెట్టింది మీరేనా?”

ఏడుస్తున్న మనిషి ఒక్కసారిగా తలెత్తింది. కళ్ళలో భయం పోయి కోపం వచ్చింది.

“ఎంగిలి గిన్నెలు అలా కుక్కుతానా అండి? అన్నీ ఒకసారి తోమి, కడిగి, అప్పుడు మెషిన్లో పెడతాను. ఎంగిలి కంచాలు పెట్టెలో పెట్టి తలుపేస్తే ఇల్లంతా ఎంగిలే. అమ్మగారు నన్ను గుమ్మం తొక్కనిస్తారా?”

“కడిగాక మళ్ళీ మెషినెందుకే తల్లీ?” లక్ష్మీనరసింహం నవ్వాడు.

“మెషిన్ బాబు కూడా అదే అంటాడండి. కడక్కుండా పెట్టండమ్మా, అది దాని పని అని. మేం వింటామేంటి?”

ఉమాశ్రీ లేచింది. సాయిదుర్గ తమ్ముడు శశిభూషణ్ గుమ్మానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. మిల్లు లెక్కల్లో బావమరిదికీ బంగార్రాజుకీ పడటం లేదని వీధిలో అందరికీ తెలుసు.

“శశిభూషణ్‌గారూ, అందరూ గేటు దగ్గరికి పరిగెత్తినప్పుడు మీరెక్కడ?”

“మేడ మీద ఫోన్లో ఉన్నాను. అరుపులకి దిగాను. అప్పటికే కారు వెళ్ళిపోయింది.”

“అంటే కొంతసేపు ఈ ఇంట్లో మీరొక్కరే.”

అతని ముఖం ఎర్రబడింది. “ఏంటండీ మీ ఉద్దేశం? మా బావగారితో మాటా మాటా అనుకోవడం కొత్తేం కాదు. విషం పెట్టుకునేంత లేదు.”

“మీరు తిన్న కంచం ఏం చేస్తారు?”

“ఇదేం ప్రశ్న?”

“చెప్పండి.”

“కుళాయి కింద కడిగి అక్కడ పెడతాను. లేకపోతే అక్క తిండి పెట్టదు.”

“బావగారు నాతో మాట్లాడాలన్న చావు ఎవరిది?”

“తణుకులో పాపాయిది అయ్యుంటుంది. బావగారి చెల్లెలింట్లో పనిమనిషి. ఇలాంటి మెషిన్నే ముట్టుకుని షాక్ కొట్టి చనిపోయింది. తడి చేత్తో ముట్టుకుందని అందరూ దాని మీదే తోసేశారు. బావగారు మాత్రం వెళ్ళి, వేరే ఎలక్ట్రీషియన్‌తో మెషిన్ విప్పించి చూశారట. వచ్చాక ఎవరితోనూ సరిగ్గా మాట్లాడలేదు.”

“ఆ మెషిన్ ఎవరు బాగుచేశారు?”

“నేనడగలేదు. ఆయన చెప్పలేదు.”

వెనక తలుపు దగ్గర చెప్పుల చప్పుడైంది. నీలం చొక్కా, భుజాన పనిముట్ల సంచితో ఒకతను వచ్చి ఇన్‌స్పెక్టర్‌కి దండం పెట్టాడు.

“హరిబాబునండి. ఫోన్ చేశారంట.”

“రావయ్యా. మెషిన్ మీద అంటించిన నంబరు చూసి నేనే చేయించాను. తలుపు తియ్యి. లోపలున్నవి పట్టుకెళ్ళాలి.”

“ధవళేశ్వరంలో ఉన్నానని ఫోన్లో చెప్పారట కదా,” అంది ఉమాశ్రీ. “చాలా తొందరగా వచ్చారే.”

“దారిలోనే ఉన్నానండి మేడం. అయ్యగారికలా అయిందని వినేసరికి కాళ్ళూ చేతులూ ఆడలేదు.” అతను మెషిన్ ముందు గొంతుకూర్చున్నాడు. “నీళ్ళు నిలిచిపోయాయండి. ఏముంది, ఈ బటన్ కాసేపు నొక్కి పట్టుకుంటే అదే బయటికి తోసేస్తుంది. ఖాళీ అయ్యాక తలుపు తీద్దాం.”

మాట పూర్తవుతూనే వేలు బటన్ మీద పడింది. మెషిన్ లోపల ఏదో గుర్రుమంది.

ఉమాశ్రీ ఒక్క అంగలో గోడ దగ్గరికి వెళ్ళి ప్లగ్గు పీకేసింది. గుర్రు ఆగింది.

“నీళ్ళు బయటికి పోకూడదని ఇందాకే చెప్పాను.”

“నాకు చెప్పలేదండి మేడం!”

“చాల్లెండి!” లక్ష్మీనరసింహం గొంతు పెరిగింది. “మెకానిక్ పని మెకానిక్‌ని చెయ్యనివ్వండి. మీకేం తెలుసు మెషిన్ల గురించి?”

“ఏజెన్సీ పెట్టకముందు ఆరేళ్ళు ఇన్సూరెన్స్ కంపెనీలో చేశాను సార్. ఇళ్ళల్లో మెషిన్లు కాలిపోయినా, పేలిపోయినా, మనుషులకి షాక్ కొట్టినా నేనే విప్పించి రిపోర్టు రాసేదాన్ని. ఆగిపోయిన మెషిన్ దగ్గర మొదటి పని నీళ్ళు తోడెయ్యడం కాదు, ఎక్కడిదాకా వచ్చి ఆగిందో చూడటం. అది ఈయనకీ తెలియాలి.”

హరిబాబు నవ్వాడు. “తెలుసండి. కంగారులో మర్చిపోయాను.”

ఉమాశ్రీ చేతులకి ప్లాస్టిక్ సంచులు తొడుక్కుని తలుపు కిందికి దించింది. ముందుగా అడుగున నిలిచిన నీళ్ళు గరిటెతో తోడి సీసాలో పోసి కానిస్టేబుల్‌కిచ్చింది. “ఆస్పత్రికి. పరిగెత్తండి.” ఇన్‌స్పెక్టర్ ఏదో అనబోయి, కానిస్టేబుల్‌కి వెళ్ళమని సైగ చేశాడు.

ఆమె కింది అర బయటికి లాగింది. కంచాలన్నీ మధ్యలో నీళ్ళు చిమ్మే రెక్క వైపు ముఖం పెట్టి, ఒకదానికొకటి తగలకుండా, ఒకే వాలుగా నిలబెట్టి ఉన్నాయి. రెక్క తీసి, దాని కింద గుండ్రటి జల్లెడని తిప్పి బయటికి తీసింది. జల్లెడ నిండా అన్నం మెతుకులు, కరివేపాకు, వంకాయ తొడిమలు.

“ప్రసన్నగారూ, ఈ జల్లెడ మామూలుగా ఎలా ఉంటుంది?”

“అద్దంలా ఉంటుందండి. అందులో ఏం పడుతుంది? కడిగేగా పెడతాను!”

“చూశారా సార్? ఈ ఇంట్లో చిన్నా పెద్దా ఎవరు పెట్టినా గిన్నెలు కడిగే పెడతారు. ఇవి కడగలేదు. కంచంలో మెతుకులున్నవి ఉన్నట్టే పెట్టారు.”

“కంగారులో ఎవరు కడుగుతారండీ? సాక్ష్యం మాయం చెయ్యాలి, పెట్టేసింది.”

“కంగారుపడ్డ మనిషి కంచాలు ఇంత పద్ధతిగా నిలబెడుతుందా?”

ఉమాశ్రీ పై అర లాగింది. స్టీలు గ్లాసులు, చెంచాలు ఎడమ పక్కన. కుడి మూలన, దేనికీ తగలకుండా, వెండి గ్లాసు ఒక్కటే బోర్లించి ఉంది.

ప్రసన్నకుమారి నోటి మీద చెయ్యేసుకుంది. “అయ్యో, అయ్యగారి వెండి గ్లాసు! దాన్నెందుకు పెట్టారండి ఇందులో? చింతపండుతో నేను చేత్తోనే తోముతాను.”

“మజ్జిగ తాగింది అందులోనే కాబట్టి పెట్టక తప్పలేదు,” అంది ఉమాశ్రీ. “కానీ విడిగా ఎందుకుంచారు?”

“ఏదో ఖాళీ ఉన్నచోట పెట్టుంటారు,” అన్నాడు శశిభూషణ్.

“ఎడమ పక్కనా ఖాళీ ఉంది. వేడినీళ్ళలో స్టీలుకి వెండి తగిలితే వెండి నల్లబడుతుంది. తెలిసినవాళ్ళు తగలనివ్వరు. మనిషిని చంపబోయినవాడికి ఆ గ్లాసు నల్లబడితే ఏంటి, తెల్లబడితే ఏంటి? అలవాటు. చెయ్యి దానంతటదే అలా పెట్టేసింది.”

ఫోన్ మళ్ళీ మోగింది.

“డాక్టర్ని. ఏమన్నా తెలిసిందా? ఇక ఎక్కువసేపు ఆపలేం.”

“లైన్లోనే ఉండండి డాక్టరుగారూ. కట్ చెయ్యొద్దు.” ఫోన్ గట్టు మీద పెట్టి, జల్లెడలోని మెతుకుల్ని చెంచా కాడతో విడదీయసాగింది. అన్నం, ఆకు, అన్నం. ఒక మెరుపు.

గోరంత రేకు ముక్క. అటూ ఇటూ తిప్పి వెలుతురుకి పెట్టింది.

“మాత్రల షీటు రేకు,” అంది. “డాక్టరుగారూ, పురుగుమందు కాదు, గన్నేరు కాదు. మాత్రలు. పొడి చేసి మజ్జిగలో కలిపారు.”

“ఏ మాత్రలు? పేరుందా?”

“లేదండి. చిన్న ముక్క.”

“మాత్రలంటే సరిపోదు తల్లీ! గుండె మందుల్లోనే పది రకాలున్నాయి. పేరు కావాలి!”

లక్ష్మీనరసింహం వంగి రేకు చూశాడు. ఇప్పుడాయన గొంతులో వెటకారం లేదు. “దీని మీద గీతలేంటి?”

“పళ్ళ గాట్లు. షీటు చింపకుండా, మాత్రల్ని లోపలే దేంతోనో నలిపారు. రాయితో కొడితే చప్పుడవుతుంది. దీన్ని నొక్కారు. ఇనుప పళ్ళున్న దేంతోనో.”

“వంటింట్లో అలాంటిది అడకత్తెరా?”

“అడకత్తెరకి పళ్ళుండవు సార్.” ఉమాశ్రీ హరిబాబు వైపు తిరిగింది. “కింది పలక విప్పండి. నీళ్ళు ఎందుకు బయటికి పోలేదో చూడాలి.”

“మాత్రల సంగతి తేల్చకుండా పంపు విప్పడమెందుకండి మేడం?”

“పంపు అని నేననలేదే. నీళ్ళెందుకు పోలేదన్నాను. పైపు మూసుకుపోయి ఉండొచ్చుగా.”

హరిబాబు సంచిలో స్క్రూడ్రైవర్ వెతుక్కున్నాడు. “మామూలుగా... పంపేనండి.”

“విప్పవయ్యా!” అన్నాడు ఇన్‌స్పెక్టర్.

అతను స్క్రూలు విప్పాడు. పలక వచ్చాక ఉమాశ్రీ టార్చి వేసి చూసింది. పంపు పైన కొత్త స్టిక్కరు మెరుస్తోంది. పైపు ఊడదీసి పంపు నోట్లో వేలు పెట్టి తిప్పింది. లోపలి చక్రం కదల్లేదు. వేలు బయటికి తీస్తే కొనంతా తెల్లగా ఉంది.

“ఈ పంపు ఎప్పుడు వేశారు?”

“పోయిన నెలండి. కంపెనీ నుంచి కొత్తది తెప్పించి వేశాను.”

“కొత్తదా?” ఆ వేలు ఇన్‌స్పెక్టర్‌కి చూపించింది. “బోరు నీళ్ళ సున్నం. నెలరోజుల్లో ఇంత మందాన పట్టదు. ఇంకెక్కడో ఏళ్ళు పనిచేసి పాడైన పంపుకి కొత్త స్టిక్కరు వేశారు. అదే ఇవాళ ఆగిపోయింది. మంచి పంపయితే నీళ్ళూ మెతుకులూ రేకూ ఎప్పుడో కాలవలో ఉండేవి. మనం శుభ్రమైన గిన్నెల ముందు నిలబడి వంటామెని జీపెక్కించేవాళ్ళం.”

“పంపు సంగతి వేరు, ఈ సంగతి వేరు,” హరిబాబు గొంతు పెంచాడు. “పాత సామాను వేశానంటే కంపెనీకి రాసుకోండి. నేను భోజనాలకి ముందే వెళ్ళిపోయాను. ఆవిడే చెప్పింది!”

“వెళ్ళడం ఆవిడ చూసింది. అందరూ గేటు దగ్గరున్నప్పుడు వెనక తలుపు ఎవరూ చూళ్ళేదు. కంచాలు కడక్కుండా, అంత పద్ధతిగా పెట్టే అలవాటు మీదే. తణుకు కూడా మీ ఏరియాయేనా?”

“ఈ మెషిన్లు తెలిసినవాణ్ణి ఇక్కణ్ణుంచి తణుకు దాకా నేనొక్కణ్ణే...” సగంలో ఆగిపోయాడు.

శశిభూషణ్ గుమ్మం వదిలి ఒకడుగు ముందుకేశాడు. “పాపాయి...”

“ఆ మెషిన్లో ఎర్తు వైరు కలపలేదు కదూ?” అంది ఉమాశ్రీ. “బంగార్రాజుగారు విప్పించి చూసింది అదే. ఇవాళ పొద్దున్న ఆయన పిలిపించింది మెషిన్ కోసం కాదు. స్టేషన్‌కి నువ్వే వెళ్ళి చెప్పు, లేకపోతే నేను చెప్తానని చెప్పడానికి.”

“కట్టుకథ! రుజువుందా?”

“సంచిలోంచి కటింగ్ ప్లేయర్ తియ్యండి.”

అతను కదల్లేదు. లక్ష్మీనరసింహమే సంచి లాక్కుని గచ్చు మీద గుమ్మరించాడు. స్క్రూడ్రైవర్ల మధ్య ఎర్రటి పిడుల కటింగ్ ప్లేయర్ పడింది. ఆయన దాన్ని చేతిరుమాలుతో తీసి, నోరు తెరిచి, కళ్ళకి దగ్గరగా పెట్టుకున్నాడు. పళ్ళ సందుల్లో తెల్లటి పొడి.

“అది కూడా సున్నమేనండి!” అన్నాడు హరిబాబు.

“కావచ్చు. ల్యాబ్ చెప్తుంది. కానీ ల్యాబ్ చెప్పేలోగా అక్కడ మనిషి ఉండడు.” ఉమాశ్రీ గట్టు మీది ఫోన్ తీసుకుని అతని ముఖానికి ఎదురుగా పట్టుకుంది. “పాపాయి విషయంలో నీది పొరపాటు. ఎర్తు కలపకపోతే చచ్చిపోతుందని నువ్వనుకోలేదు. ఆయన పోతే మాత్రం అది పొరపాటవదు, హత్య. ఆయన బతికితే కోర్టులో నీకింకా మాట్లాడే వీలుంటుంది. ఆ మాత్ర పేరు ఈ ఇంట్లో ఒక్కరికే తెలుసు.”

“హలో?” ఫోన్లో డాక్టరు గొంతు. వెనకాల ఎవరో పరిగెడుతున్నారు. ఒక ఆడగొంతు ఏడుస్తోంది. సాయిదుర్గది. “హలో! ఎవరన్నా మాట్లాడండి! పల్స్ అందటం లేదు!”

గోడవారగా కూర్చున్న ప్రసన్నకుమారి లేచి వచ్చింది. అతని చొక్కా పట్టుకుంది.

“ఒరే బాబూ, ఆయన చేత్తో పెట్టిన అన్నం తిన్నావురా ఈ ఇంట్లో! చెప్పరా! నన్ను జైల్లో పెట్టినా పర్లేదు, చెప్పరా!”

హరిబాబు మెషిన్‌కి వీపు ఆనించి కూర్చుండిపోయాడు.

“మా నాన్నకని కొని సంచిలో పెట్టుకున్న గుండె మాత్రలండి,” అన్నాడు ఫోన్‌తో. ఆ తర్వాత మాత్ర పేరు స్పష్టంగా, అక్షరం అక్షరం విడదీసి చెప్పాడు. “ఒక షీటు మొత్తం.”

“సిస్టర్! విరుగుడు మన దగ్గరుంది, ఆ ఫ్రిజ్‌లోది, తొందరగా!” డాక్టరు కేక వినిపించింది. ఏదో లోహపు పళ్ళెం కిందపడింది. అడుగుల చప్పుడు. మాటలు అర్థం కాకుండా కలిసిపోయాయి. వంటింట్లో అందరూ ఆ ఫోన్ చుట్టూ నిలబడ్డారు.

చాలాసేపటికి డాక్టరు మళ్ళీ లైన్లోకి వచ్చాడు. రొప్పుతున్నాడు.

“పల్స్ అందుతోంది. నెమ్మదిగానే, కానీ అందుతోంది. ఇంకో నిమిషం ఆలస్యమైతే... సరే. కేస్ షీట్‌లో రాయాలి. మాత్ర పేరు చెప్పిందెవరు?”

ఉమాశ్రీ ఫోన్ కిందికి దించలేదు. ఇన్‌స్పెక్టర్ బేడీలు తీసి చేతిలో పట్టుకుని, తొందరపెట్టకుండా నిలబడ్డాడు.

“మెషిన్లు బాగుచేసేవాణ్ణండి,” గచ్చు మీంచి గొంతు వచ్చింది. “మజ్జిగలో కలిపింది కూడా నేనే. నా పేరు హరిబాబు.”